గాలికి దారి, కాయకు నీడ

ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. సాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు వదిలి టమోటా నాటితే ఎకరాకు దగ్గర దగ్గర 15,000 మొక్కలు పడతాయి. నాలుగడుగులకొక సాలు తీసి, సాల్లో అడుగున్నరకొక మొక్క పెడితే పట్టేవి 7,260. సగం కూడా లేవు. దుక్కి దున్ని, బోదెలు తోలి, డ్రిప్పు పైపులు పరిచి, నర్సరీకి అడ్వాన్సు ఇచ్చి వచ్చిన రైతుకు ఈ రెండో లెక్క చెప్పి చూడండి. ఇంత నేల బీడు పెట్టమంటారా అని అడుగుతాడు. అడగడం న్యాయమే. కౌలు ఎకరాకు కడతాడు గాని మొక్కకు కట్టడు కదా.

ఆ ప్రశ్నకే ఈ అధ్యాయంలో జవాబు వెతుక్కుందాం. ముందుగా ఒక మాట. ఎడం ఎంత వదలాలి, కొమ్మ ఎంత తీయాలి అన్నవాటిని వేరువేరుగా తేల్చుకోవడం కుదరదు. నాటేటప్పుడు వదలని ఎడాన్ని తర్వాత పిలకలు గిల్లి సంపాదించుకోవాలి. గిల్లడానికి మనుషులు దొరకరనుకుంటే నాటేటప్పుడే వదిలేయాలి. రెండూ చేయకుండా మూడో దారి ఒకటుంది, మందు కొట్టడం. సేంద్రియ రైతు ఆ దారిని తనంతట తానే మూసేసుకున్నాడు.

ఎందుకు మూసుకుపోయిందో కాస్త వివరంగా చూడాలి. టమోటాలో ఆకుమాడు తెగులు ఎప్పుడూ కింది ఆకుతోనే మొదలవుతుంది. గోధుమరంగు మచ్చ, దానిలో ఒకదాని లోపల ఒకటిగా వలయాలు, చుట్టూ పసుపు. ఆ బూజు పాత పంట చెత్తలో, మట్టిలో కాచుకుని ఉంటుంది. వాన చినుకు నేలను కొట్టినప్పుడు మట్టితో పాటు ఎగిరి అడుగు ఆకును అంటుకుంటుంది. అంటుకున్నంత మాత్రాన తెగులు రాదు. ఆకు కొన్ని గంటల పాటు తడిగా ఉంటేనే బూజు మొలకెత్తి లోపలికి దిగుతుంది. పొద్దున ఎనిమిదింటికల్లా మంచు ఆరిపోయే తోటకూ, పదకొండు దాకా ఆకులు చెమ్మగా ఉండే తోటకూ తేడా అక్కడ పుడుతుంది. తేడా తెచ్చేది సాళ్ళ మధ్య నడిచే గాలి.

రసాయన సేద్యంలో ఉన్నవాళ్ళకు ఆకులోకి ఇంకి పనిచేసే మందులున్నాయి. తెగులు దిగిన తర్వాత కూడా కొంత వెనక్కి లాగవచ్చు. మనకున్నవి బోర్డో మిశ్రమం, పుల్ల మజ్జిగ, ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటివి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు కలిపి చేసే ఒక శాతం బోర్డో మిశ్రమం 1880లలో ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో పుట్టింది. ఇప్పటికీ మంచి మందే. సేంద్రియ ధ్రువీకరణ నిబంధనలు కూడా దాన్ని పరిమితంగా ఒప్పుకుంటాయి. కాని అది ఆకు మీద పొరలా నిలిచి బూజును లోపలికి పోనీయకుండా ఆపుతుందే తప్ప, పోయినదాన్ని బయటికి లాగదు. కాబట్టి మన అసలు మందు నారు నాటే రోజున టేపుతో కొలిచి వేసేదే. ఆ రోజు పొరపడితే పంటకాలమంతా దిద్దుకుంటూ ఉండాలి.

సరే, ఎంత కొలవాలి? దీనికి నేల కన్నా ముందు విత్తనం జవాబు చెప్పాలి.

టమోటాలో గుబురుగా పెరిగి ఒక ఎత్తుకు ఆగిపోయేవి కొన్ని. ఆగకుండా తీగలా సాగుతూనే ఉండేవి కొన్ని. నడుమన, కొంత దూరం సాగి నెమ్మదించేవి కొన్ని. పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం 1 మొదటి రకం. పూసా రూబీ తీగ రకం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ నడిమి రకం. ఆకుముడత, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుందని పేరు తెచ్చుకుంది. మందు వాడని రైతుకు అలాంటి రకం సగం భరోసా. గుబురు స్వభావం టమోటాకు మొదటి నుంచీ ఉన్నది కాదు. 1914లో ఫ్లోరిడాలో ఒక మొక్కలో దానంతట అదే వచ్చిన మార్పు అది. ఈరోజు ఫ్యాక్టరీలకు పోయే టమోటాలో ఎక్కువ భాగం ఆ మార్పు సంతానమే.

ప్యాకెట్టు మీద రాయకపోతే మొక్కనే చూసి పోల్చుకోవచ్చు. పూగుత్తికీ పూగుత్తికీ నడుమ ఆకులు లెక్కపెట్టండి. క్రమం తప్పకుండా మూడు ఆకులకొక గుత్తి వేస్తూ, మొవ్వు పైపైకి పోతూ ఉంటే తీగ రకం. ఒకటి రెండు ఆకులకే గుత్తి పడుతూ, చివరికి మొవ్వే పూగుత్తిగా ముగిస్తే గుబురు రకం. నాటిన తర్వాత తెలిసి ఏం లాభం అంటారేమో. ఎడం విషయంలో ఈ పంటకు లాభం లేదు. కత్తిరింపు విషయంలో పూర్తిగా ఉంది, అది తర్వాత చెబుతాను. కొత్త రకం వేసే ముందు సీజను నాలుగు మొక్కలు ఇంటి దగ్గర పెంచి చూసుకోవడం మంచి అలవాటు.

ఇక అంకెలు. వ్యవసాయ పుస్తకాల్లో మనకు కనిపించేవి వానాకాలానికి 60×45 సెంటీమీటర్లు, చలికాలానికి 60×60, వేసవికి 45×30. ఇవి ఊత లేకుండా నేల మీద పెరిగే గుబురు రకాలకు, కాలువ తడికి సరిపోయే కొలతలు. చలికాలంలో మొక్క బాగా విస్తరిస్తుంది, మంచు ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకని ఎడం పెంచారు. వేసవిలో మొక్క చిన్నగానే ఉండిపోతుంది, నేల కాగుతుంది, కాయకు ఎండదెబ్బ తగులుతుంది. మొక్కలు ఒకదానికొకటి నీడ ఇచ్చుకోవాలని దగ్గర చేశారు. ఈ తర్కం అర్థమైతే అంకెలు గుర్తుండకపోయినా ఫరవాలేదు.

మదనపల్లె, ములకలచెరువు, పుంగనూరు వైపు చూస్తే లెక్క మారిపోతుంది. అది ఎత్తైన పీఠభూమి, మైదానాల కన్నా చల్లన. మైదానంలో రాత్రి వేడికి పూత రాలిపోయే నెలల్లో అక్కడ కాపు నిలుస్తుంది. అందుకే దేశమంతా టమోటా తక్కువైనప్పుడు లారీలు ఆ మార్కెట్లకు వెళ్తాయి. అక్కడ బోదె మీద డ్రిప్పు, పైన మల్చింగు షీటు, కట్టెలు పాతి తీగ లాగి మొక్కను నిలబెట్టే పద్ధతి. నిలబెట్టిన మొక్కకు పక్కకు తక్కువ చోటు, మనిషి నడవడానికి ఎక్కువ చోటు కావాలి. నాలుగు నుంచి ఐదడుగుల సాలు, సాల్లో అడుగున్నర నుంచి రెండడుగులు అన్నది నా సిఫారసు. 5×1.5 అడుగులైతే ఎకరాకు 5,808 మొక్కలు, 4×2 అయితే 5,445. చేతిలో మనుషులు తక్కువగా ఉన్నవాళ్ళకు రెండోదే నయం. సాలులో రెండడుగులు వదిలితే పిలకలు ఒక వారం ఆలస్యంగా గిల్లినా తోట అడవి కాదు. మల్చింగు షీటు వద్దనుకునేవాళ్ళు వరిగడ్డి గాని, వేరుశనగ పొట్టు గాని మందంగా పరవండి. మట్టి చినుకులు ఎగరకుండా ఆపేది ఆ పొరే.

పంటతో పాటు నాటే ఇతర మొక్కలకు కూడా ఇప్పుడే చోటు కేటాయించాలి. శనగపచ్చ పురుగు కోసం 16 సాళ్ళ టమోటాకు ఒక సాలు ఆఫ్రికా బంతి వేయమని బెంగళూరు సంస్థ ఏనాడో చెప్పింది. టమోటా నారు 25 రోజులది, బంతి నారు 45 రోజులది తీసుకుని ఒకే రోజు నాటాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకొచ్చి, తల్లి పురుగు బంతి మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. చేను చుట్టూ రెండు మూడు సాళ్ళు జొన్నో మొక్కజొన్నో చిక్కగా వేస్తే తెల్లదోమకు అడ్డు. అయితే ఆ గట్టి గోడ గాలిని కూడా ఆపుతుంది. అర ఎకరా మడికి నాలుగు వైపులా మొక్కజొన్న కట్టి, లోపల దగ్గర దగ్గరగా నాటి, తెగులు ఎందుకొచ్చిందని అడిగితే ఏం చెప్పాలి? చిన్న మడి అయితే గాలి వచ్చే వైపు, పోయే వైపు పల్చగా ఉంచండి. సాళ్ళు గాలి వీచే దిక్కుకే తోలితే ఇంకా మంచిది.

ఎడం పెంచేకొద్దీ మంచిదే అనుకోకూడదు. దీనికి రాయలసీమలో ఒక గట్టి కారణం ఉంది. వేరుశనగలో మొవ్వుకుళ్ళు తెచ్చే వైరసే టమోటాకూ వస్తుంది. తామర పురుగులు మోస్తాయి. లేత ఆకులు రాగి రంగుకు తిరిగి, కాండం మీద నల్లని చారలు పడి, కాయ మీద వలయాలు వస్తాయి. మొక్కలు చిక్కగా ఉన్న వేరుశనగ చేలో మొవ్వుకుళ్ళు తక్కువ వస్తుందని, పలచబడ్డ చేలో ఎక్కువని ఇక్రిశాట్ పరిశోధకులు చూపించారు. టమోటాలో కూడా ఎకరాకు 4,000 మొక్కలే పెట్టుకున్నవాడు వైరస్‌కు వెయ్యి పీకేస్తే మిగిలేదేమిటో ఆలోచించండి. పక్కన వేరుశనగ ఉండి, ఎండాకాలం నాట్లు అయితే నేను సాలు వెడల్పు తగ్గించను గాని, సాల్లో మొక్కల్ని అడుగుం పావుకు దగ్గర చేస్తాను. మొదటి మూడు వారాల్లో వైరస్ సోకినవి పీకేస్తే మిగిలినవాటికి సరిగ్గా సరిపోయే చోటు వస్తుంది. దేనికీ సోకకపోతే? అప్పుడు కాస్త ఎక్కువ గిల్లుకోవాలి. అంతే తేడా.

ఇప్పుడు కత్తిరింపు. ఆకు కాడ కాండాన్ని కలిసే మూలలో మొలిచేది పక్క పిలక. వదిలేస్తే అదే ఒక కొమ్మ అవుతుంది, దానికి మళ్ళీ పిలకలు వస్తాయి, ఆకూ పూతా అన్నీ వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పిలకకూ పూగుత్తికీ తేడా తెలియక పూగుత్తిని గిల్లేస్తుంటారు. పూగుత్తి రెండు ఆకుల నడుమ కాండం మీద నుంచి వస్తుంది. పిలక ఎప్పుడూ ఆకు మూలలోనే. మొదటి రోజు పనికి వచ్చినవాళ్ళకు ఈ ఒక్కటి చూపించి, ఒక సాలు వాళ్ళతో కలిసి నడవండి.

నాటిన మొదటి రెండు మూడు వారాలు ఏమీ ముట్టుకోవద్దు. వేరు పెరగడానికి ప్రతి ఆకూ అవసరమే. మొదటి పూగుత్తి కనిపించినప్పుడు పని మొదలవుతుంది. ఆ గుత్తికి సరిగ్గా కిందనున్న పిలకను ఉంచండి. అది బలమైనది, రెండో కాండంగా ఎదుగుతుంది. దాని కిందవన్నీ తీసేయండి. గుబురు రకానికి కత్తిరింపు ఇక్కడితో అయిపోయింది. ఇంకొక్క పిలక ముట్టుకున్నా మీ కాపును మీరే గిల్లుకున్నట్టు. గుబురు రకం వేయబోయే గుత్తులకు హద్దుంది, తీసిన కొమ్మతో పాటు కాయలూ పోతాయి. నడిమి రకానికి మరో ఒకటి రెండుసార్లు చూసి, లోపల చిక్కుపడ్డవి మాత్రం పల్చన చేయండి. తీగ రకానికైతే రెండు కాండాలు పెట్టుకుని, మిగతా పిలకల్ని వారం పది రోజులకొకసారి పంట చివరిదాకా తీస్తూనే ఉండాలి.

పిలక రెండు నుంచి నాలుగు అంగుళాలున్నప్పుడు బొటనవేలితో పక్కకు వంచితే టక్కున విరుగుతుంది. కత్తెర అక్కరలేదు, వద్దు కూడా. కత్తెర ఒక మొక్క రసాన్ని ఇంకో మొక్కకు మోస్తుంది. విరిచిన చోట గాయం చిన్నది, మధ్యాహ్నానికి ఎండిపోతుంది. మొద్దు కొమ్మ అయ్యేదాకా వదిలేసి కత్తితో కోస్తే గాయం పెద్దది. అంత పెద్దదైపోతే మొదలంటా కోయకుండా తల మాత్రం గిల్లి వదలడం మేలు. మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరక ముందు చేయాలి. తుంపర పడుతుంటే ఎంత పని పెండింగున్నా ఆ రోజు తోటలోకి దిగవద్దు. తడి ఆకుల్లో చెయ్యి పెట్టి సాలంతా నడిస్తే తెగుల్ని మనమే పంచినట్టు. 2021 నవంబరులో చిత్తూరు, కడప జిల్లాల్ని వానలు ముంచెత్తాయి, టమోటా ధర కిలో వంద దాటింది. అలాంటి వారాల్లో పడిన గాయం ఆరదు. వాయుగుండం కబురు వినగానే చేయాల్సిన కత్తిరింపు ముందే ముగించాలి, లేదా వెలిసేదాకా ఆగాలి.

చేతుల సంగతి చెప్పకపోతే ఈ అధ్యాయం పూర్తి కాదు. పొగాకు మొజాయిక్ జాతి వైరస్‌లు చేతి స్పర్శతోనే పాకుతాయి. బీడీ కట్టలో పొగాకులో కూడా బతికి ఉండగలవు. బీడీ కాల్చినవాళ్ళు, ఖైనీ నలిపినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కునే పిలకలు ముట్టాలి. మందలింపులా కాకుండా సాలు మొదట్లో బకెట్టు, సబ్బు పెట్టి ఉంచితే గొడవ ఉండదు. వెన్న తీసిన పాలలో మధ్యమధ్య చేతులు ముంచడం పాత పద్ధతి. పాలలోని ప్రొటీను ఆ వైరస్‌ల్ని పనిచేయనీయదు. సేంద్రియ తోటలో దీనికి ఏ అభ్యంతరమూ లేదు. ఉన్నట్టుండి పచ్చగానే వాడిన మొక్క కనిపిస్తే దాన్ని పిలకలు తీసే వరుసలో కలపకండి. దాని కాండం ముక్క కోసి గాజుగ్లాసు నీళ్ళలో వేలాడదీస్తే పాలలాంటి తీగ దిగుతుంది. అది బ్యాక్టీరియా ఎండు తెగులు. ఆ మొక్కను మట్టితో సహా తీసి, కోసిన కత్తిని నిప్పుల్లో కాల్చి గాని వేరేదానికి వాడకూడదు.

తర్వాత అడుగు ఆకులు. నేలను తాకేవాటిని మొదట తీయాలి. మొదటి గుత్తి కాయలు ముదిరేసరికి నేల నుంచి అడుగు ఎత్తు వరకు కాండం కనిపించాలి. ఒకసారికి మొక్కకు రెండు మూడు ఆకులకు మించి తీయకండి. మచ్చ పడ్డవి, మదనపల్లె వైపు ఊజీ అని పిలిచే టూటా పురుగు తొలిచినవి సాళ్ళ మధ్య పారేస్తే తీసిన ఫలితం లేదు. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడేయండి.

అక్కడితో ఆగాలి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు. హాలెండు గాజుఇళ్ళలో ఒంటి కాండం మీద ఆకులన్నీ దులిపి, ఎర్రటి గుత్తులు బోసిగా వేలాడుతుంటాయి. చూడ్డానికి భలే ఉంటుంది. ఆ ఇంట్లో ఎండ ఎంతో, వేడి ఎంతో మనిషి నిర్ణయిస్తాడు. మన చేలో మే నెల సూర్యుడు నిర్ణయిస్తాడు. ఎండకు అలవాటు లేని కాయ మీద నుంచి ఒక్కసారిగా ఆకు తీసేస్తే రెండు మూడు రోజుల్లో తెల్లని పొక్కులాంటి మచ్చ పడుతుంది, తర్వాత అక్కడే నల్లబూజు. మచ్చ పడకపోయినా రంగు చెడుతుంది. టమోటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగా తయారుకాదు. పసుపు రంగు పదార్థం మాత్రం తయారవుతూనే ఉంటుంది. అందుకే ఎండ నేరుగా తగిలిన కాయ భుజాల దగ్గర పసుపుగానే మిగిలిపోతుంది. మండీలో అలాంటి బాక్సు మొదటి రకంలో నిలవదు. కాయ ఉన్న గుత్తికి పైనుండే ఆకులు దానికి అన్నం పెట్టేవి, గొడుగు పట్టేవి. పండబోయే గుత్తికి పైన ఆకు తీయవద్దు.

బాగా గిల్లిన తోటకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆకు తక్కువ, కాయ పెద్దది కావడంతో కాయ పగలడం, కాయ అడుగున నల్లగా కుళ్ళడం ఎక్కువవుతాయి. అడుగు కుళ్ళు కాల్షియం అందక వచ్చేది, అందకపోవడానికి ఎక్కువసార్లు కారణం నేలలో సున్నం లేకపోవడం కన్నా తడి ఒకరోజు ఎక్కువ, నాలుగు రోజులు తక్కువ కావడం. కొమ్మలు తీసినవాళ్ళు డ్రిప్పు వేళ తప్పకూడదు.

పిలకలు వేలి లావున, వారం తిరక్కుండానే మళ్ళీ వస్తున్నాయా? అది కత్తిరింపు సమస్య కాదు, నత్రజని సమస్య. చిత్తూరు వైపు కోళ్ళ ఎరువు చవకగా దొరుకుతుంది, ట్రాక్టరు తోలేసి పైన జీవామృతం పదిహేను రోజులకొకసారి ఎకరాకు 200 లీటర్లు పారిస్తే మొక్క ఆకు వేయక ఏం చేస్తుంది? పూత వచ్చాక ఒకటి రెండు తడులకు జీవామృతం ఆపి చూడండి. గిల్లే కూలీ కూడా తగ్గుతుంది.

గిల్లిన పిలకలన్నీ పారేయనక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచి తీసిన నాలుగంగుళాల పిలకను తడి మట్టిలో నీడన పెడితే వారం పది రోజుల్లో వేరు పడుతుంది. మొక్క చచ్చిన చోట అది నాటుకోవచ్చు. వైరస్ ఉన్న తోటలో మాత్రం ఈ పొదుపు వద్దు. మిద్దె తోటవాళ్ళకైతే ఇది చక్కటి ఉపాయం. మిద్దె మీద సంచికి ఒక్క మొక్క, దానికి ఒక్కటి లేదా రెండు కాండాలు చాలు. సంచులు గోడకు ఆనించకుండా జానెడు జరపండి.

చివరి కత్తిరింపు తల గిల్లడం. ఇది తీగ రకాలకే. పువ్వు విచ్చిన నాటి నుంచి కాయ పండడానికి వాతావరణాన్ని బట్టి 40 నుంచి 50 రోజులు పడుతుంది. తోట తీసేసి వేరే పంట వేయాలనుకున్న తేదీ నుంచి ఏడు వారాలు వెనక్కి లెక్కపెట్టండి. ఆ తర్వాత విచ్చే పూత మీకు అందదు. ఆ రోజున పై గుత్తి మీద రెండు ఆకులు ఉంచి మొవ్వు తుంచేయండి, ఉన్న కాయలు బరువెక్కుతాయి. ధర ఉందని ఆ తేదీ జరుపుకుంటూ పోవాలనిపిస్తుంది. 2023 జులై చివర్లో మదనపల్లెలో మొదటి రకం కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది, సెప్టెంబరు వచ్చేసరికి కుప్పకూలింది. అప్పుడు విచ్చిన పువ్వు పండేది ఆ సెప్టెంబరులోనే. ముదిరిన తోటను పట్టుకుని వేలాడితే దానిలో పెరిగిన ఊజీ, తెల్లదోమ పక్కన నాటిన లేత తోటకు పోతాయి. మొవ్వు తుంచే తేదీ నాట్ల రోజునే క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. చివరి కోత అయిన వారంలోపు కట్టెలు పీకి, మొక్కల్ని వేళ్ళతో సహా తీసి, చేనుకు దూరంగా కుప్ప వేసి కంపోస్టుకు మట్టి కప్పండి. ఎండు తెగులు, వైరస్ వచ్చినవాటిని ఆ కుప్పలో కలపకండి.